తుడిచేసిన తుప్పు చార

మొన్న ఆయుధపూజ నాడు పొద్దున్నే, అచ్యుతాపురంలో నేను పనిచేసే ఫ్యాక్టరీ షెడ్డులోకి అడుగుపెట్టగానే వెండి రంగు వాసన గుప్పున తగిలింది. టర్పెంటైన్ కలిపి పూసిన పచ్చి పెయింటు వాసన. పూజకని మావాళ్ళు ముందురోజే యంత్రాలన్నిటికీ రంగు వేశారు. ఎవరికైనా అది పండగ వాసన. నాకు మాత్రం కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. పన్నెండేళ్ళు గడిచినా అంతే. ఆ వాసన తగిలితే ముందు నా కుడిచెయ్యి చల్లబడుతుంది. తర్వాత ఎక్కడో కొబ్బరికాయ పగిలినట్టు చిన్న చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాత పైడిరాజు మేస్త్రి గారు గుర్తొస్తారు. "ఏటి మేడమ్, అలగుండిపోనారు?" అని మా సూపర్‌వైజర్ రమణ పరుగున వచ్చాడు. అతని మోచేతికి, చెంపకి వెండి రంగు అంటుకుని ఉంది.

పైడిరాజు గారు మీలో ఎవరికీ తెలియరు. విశాఖ ఆటోనగర్‌లో క్రేన్లు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో ఆయన మేస్త్రి. శ్రీకాకుళం వైపు పల్లెలో రైతుబిడ్డ. పొట్టి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు. పోర్టు ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి విశాఖ వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. డిప్లొమా పూర్తిచేసి ఆ కంపెనీలో చేరిన మొదటి ఆడపిల్లను నేనే. మంచి పేరు తెచ్చుకోవాలన్న ఆరాటం నాకు కాస్త ఎక్కువే ఉండేది. చేరిన మూడో రోజున ఒక గేర్‌బాక్సు కింద నూనె కారి నల్లగా చార కట్టి ఉంటే, గుడ్డా సబ్బునీళ్ళూ తెచ్చి గంటసేపు రుద్ది తళతళలాడించాను. మెచ్చుకుంటారని పక్కనే నిలబడ్డాను కూడా. ఆయన వచ్చారు, వంగి చూశారు, ముఖం మాడిపోయింది.

"ఇది ఎవలు తుడిసినారు?"

"నేనే సార్. మురికిగా ఉందని..."

"మురికి కాదమ్మా అది. నిన్నటికి బెత్తెడుంది. ఈయాలెంతుందో ఇంక నాకెవలు సెప్తారు? నువ్వు సెప్తావేటి?"

అందరి ముందూ అన్నారు. నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా, ఈ ముసలాయన దగ్గర పని చెయ్యను గాక చెయ్యను అనుకున్నాను. సాయంత్రం టీ ఆయనే తెచ్చి నా ముందు పెట్టారు. క్షమాపణ లేదు, బుజ్జగింపు లేదు. "కారతన్నదాన్ని తుడిస్తే కారడం ఆగదమ్మా, మనకి కనపడ్డం ఆగుతాది. తాగు, సల్లారిపోతది" అన్నారంతే. ఆ టీ తాగినదాన్ని తాగినట్టే ఆయన దగ్గర ఆరేళ్ళు ఉండిపోయాను.

అలాంటి మనిషికి సొంత పడవ ఉందంటే నేను నమ్మలేదు. చేపల పడవ కాదు, సరదాగా తిరగడానికి తెరచాపతో నడిచే పడవ. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక ఓడ కెప్టెన్ దగ్గర కొన్నారట. "ఆదివారం హార్బరు కాడికి రా, ఒక మిసను సూపిత్తాను" అంటే వెళ్ళాను. ఫిషింగ్ హార్బరులో ఒక మూల, రంగు వెలిసిపోయిన ఫైబర్ పడవ ఒకటి నీళ్ళలో ఊగుతోంది. దాని రెయిలింగు ఒకచోట బైండింగు వైరుతో కట్టి ఉంది. కిటికీ అద్దానికి బదులు ప్లైవుడ్ ముక్క. లోపల బకెట్టులో సగం నీళ్ళు. ఒక్క నట్టు వదులైతే వర్క్‌షాపంతా దద్దరిల్లేలా అరిచే మనిషిదేనా ఇది? నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఒడ్డున క్యారేజీ పట్టుకుని కూర్చున్న ఆయన భార్య అప్పలనరసమ్మ గారు నా ముఖం చూసి పకపకా నవ్వారు. "సూసినావా అమ్మా నా సవితిని? బంగారి అని పేరు కూడా ఎట్టుకున్నాడు. నా మెళ్ళో లేదు గానీ నీళ్ళల్లో ఉంది బంగారం!"

అలా మొదలైంది నా ఆదివారాల కథ. క్యాబిన్ తలుపుకి లోపలివైపు సుద్దముక్కతో రాసిన పనుల పట్టీ ఉండేది. పంపు వాషరు. వాన పడితే కారే పైమూత. చీకిపోతున్న తాళ్ళు. పడవ అడుగున పట్టిన గుల్లలు గీకడం. ఒక పని కొట్టేస్తే రెండు పుట్టుకొచ్చేవి. పంపు విప్పితే పైపు పగిలి ఉండేది, పైపు మార్చబోతే దాన్ని పట్టి ఉంచే చెక్క కుళ్ళి ఉండేది. మా అమ్మ పోరు పడలేకపోయేదాన్ని. "ఆదివారం పూట శుభ్రంగా తలంటుకుని ఇంటిపట్టున ఉండక, ఆ చేపల కంపులో నీకేం పనే? పెళ్ళివారొస్తే ఏం చెప్పను, మా అమ్మాయి పడవ గీకుతోందనా?" అనేది. ఒకరోజు నాకూ విసుగొచ్చి అడిగాను, ఇవన్నీ ఎప్పటికి పూర్తవుతాయి సార్ అని. ఆయన నన్ను వింతగా చూశారు. "పూర్తయిపోతే ఒడ్డెక్కించి సోకేసులో ఎట్టుకోవాల. ఉప్పునీల్లల్లో ఉన్నంతకాలం పనుంటాది. మనం దానికంటే ఒక్క వారం ముందుంటే సాలు." ఆ ఒక్క వారం కోసమే ఆయన తాపత్రయమంతా.

తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని రెండు పక్కలా ఉక్కు తీగలు లాగి పట్టుకుంటాయి. ఆ తీగల చివరలు పడవ ఒంటికి బిగించిన స్టీలు పట్టీలకు తగులుకుని ఉంటాయి. బంగారికి కుడిపక్క పట్టీ కింద నుంచి, తెల్లటి ఒంటి మీద సన్నగా ఒక తుప్పు చార దిగేది. మొదటిసారి చూసినప్పుడు నా చెయ్యి గుడ్డ మీదికి వెళ్ళింది. "వొగ్గేయ్!" అని అరిచారు ఆయన. "స్టీలుకి తుప్పు పట్టకూడదు కదా? పట్టిందంటే నీళ్ళు లోపల ఎక్కడో నిలిసి తినేత్తన్నాయి. విప్పి సూడాల." తలుపు మీద 'కుడిపట్టీ విప్పాలి' అని రాయించారు. కానీ ఆ వానాకాలం షాపులో ఊపిరాడని పని. రెండు ఆదివారాలు వర్షం, మూడోది వాళ్ళ బంధువుల పెళ్ళి. ఆ మాట పక్కన ఆయనే ఇంకో మాట చేర్చారు: 'పండగెళ్ళాక'. వచ్చిన ప్రతిసారీ చార పక్కన బొటనవేలు ఆనించి కొలిచేవారు. "అంతే ఉంది" అనేవారు.

ఆ దసరాకి బంగారికి కూడా ఆయుధపూజ చెయ్యాలని నిర్ణయమైంది. అప్పలనరసమ్మ గారు, షాపు వాళ్ళు నలుగురు, పక్క పడవల వాళ్ళు వస్తారు. ఆశ్చర్యపరుద్దామని ముందురోజు మధ్యాహ్నం నేనొక్కదాన్నే హార్బరుకి వెళ్ళాను, షాపులో మిగిలిన వెండి రంగు డబ్బా పట్టుకుని. రెయిలింగుకి వేశాను, కొక్కేలకి వేశాను, పట్టీలకి వేశాను. మరిచిపోయి చేశానని చెప్పుకుంటే బాగుండును. మరిచిపోలేదు. కుడిపక్క ఆ చార ముందు కూర్చుని ఒక నిమిషం ఆలోచించాను. ఇంత ముస్తాబు చేసి పూజ పూట ఈ మురికి గీత ఎందుకు, పండగ వెళ్ళాక ఎలాగూ విప్పుతారు కదా అనుకున్నాను. చింతపండు పెట్టి రుద్దితే చార పూర్తిగా పోయింది. పట్టీ మీద రెండు పూతలు వేశాను. సాయంత్రం ఎండలో పట్టీ కొత్త వెండి కడియంలా మెరిసింది.

మర్నాడు పీటమీద స్పానర్లు, సుత్తి, స్క్రూడ్రైవర్లు వరసగా పేర్చి పసుపునీళ్ళు చల్లి బొట్లు పెట్టాం. పూజలో పెట్టిన పనిముట్టుని ఆ రోజంతా కదపరు, మర్నాడు మంచి ఘడియ చూసి తీస్తారు. ఆయన జేబులోని స్క్రూడ్రైవరు కూడా తీసి అక్కడ పెట్టారు. జేబు ఖాళీగా ఉన్న పైడిరాజు గారిని చూడటం నాకదే మొదటిసారి. పడవంతా తిరుగుతూ ఒక్కోదానికి కుంకుమ పెట్టుకుంటూ వచ్చారు. కుడిపట్టీ దగ్గర ఆగి, బొట్టు పెట్టి, వేలు కాసేపు అలాగే ఉంచారు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఆయన ముఖంకేసే చూస్తున్నాను. "బాగుందమ్మా. పండగ కలొచ్చింది" అన్నారు. నా ఆనందం చెప్పలేను. ఆరేళ్ళలో ఆయన నన్ను నోరారా మెచ్చుకున్న సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

పూజ అయ్యాక బండినైతే నిమ్మకాయల మీదుగా ఒక చుట్టు తిప్పుతారు. "మరి దీనికి సక్రాలేవీ? నిమ్మకాయలు దేని కింద ఎడతావు?" అని అప్పలనరసమ్మ గారు అడిగితే అందరూ నవ్వారు. ఆయన నాలుగు కాయలు పడవ ముక్కు ముందర నీళ్ళలో వేసి, "ఒక్క సుట్టు తిప్పీసి ఒచ్చేత్తాం" అన్నారు. పడవలో మేమిద్దరమే. హార్బరు దాటి బయటికి వచ్చాక తెరచాప ఎత్తాం. గాలి కుడిపక్క నుంచి హాయిగా వీస్తోంది. డాల్ఫిన్ నోస్ కొండ వెనక్కి జరుగుతోంది. అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. టప్ మని, చాలా చిన్నది. ఒడ్డున ఎవరో కొబ్బరికాయ కొట్టారనుకున్నాను. ఒడ్డు అంత దూరంలో ఉంటే ఎలా వినిపిస్తుందని నాకు తట్టలేదు. తల ఎత్తేసరికి స్తంభం మా మీదికి వంగుతోంది. పైడిరాజు గారు లేచి నిలబడి కుడిచెయ్యి పైకి చాపారు, దాన్ని ఆపడానికి. కిందపడే బరువుకి చెయ్యి అడ్డుపెట్టొద్దని పాతికేళ్ళు కొన్ని వందల మందికి చెప్పిన మనిషి.

తెరచాప గుడ్డ సగం నా మీద, సగం నీళ్ళలో. ఆయన ఎడమపక్క అంచుకి జారబడి ఉన్నారు, కుడిభుజం ఉండాల్సిన చోట లేదు. ఆయన దగ్గరికి పాకాల్సింది పోయి నేను ఏం చూశానో తెలుసా? కుడిపట్టీ వైపు చూశాను. విరిగింది. పైన వెండి రంగు, దాని మీద కుంకుమ బొట్టు. విరిగిన చోట లోపలంతా నల్లగా, గోధుమరంగుగా, ఎప్పుడో విడిపోయిన పాత గాయం. అప్పుడే తెగినట్టు మెరుస్తున్నది ఒక్క అంచున, నూలుపోగంత. ఇన్నాళ్ళూ మమ్మల్ని పట్టి ఉంచింది ఆ నూలుపోగు. చేపల పడవ ఒకటి చూసి దగ్గరికొచ్చింది. "బావా! ఏటైపోనాది బావా!" అని ఒకతను నీళ్ళలోకి దూకాడు. "నాకేటి కాలేదు, ముందు ఆ పిల్లని ఎక్కించు బావా" అన్నారు ఆయన. గొంతు మామూలుగానే ఉంది. నా పళ్ళు మాత్రం టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి, ఒడ్డుకొచ్చి అప్పలనరసమ్మ గారు శాలువా కప్పినా ఆగలేదు.

రెండు ఆపరేషన్లు అయ్యాయి. కుడిచెయ్యి ఛాతీ ఎత్తు దాటి లేవదని డాక్టర్లు తేల్చారు. చూడటానికి వచ్చినవాళ్ళంతా గాలివిసురు అన్నారు. ఆయన కూడా, "గాలి దెబ్బ. ఏటి సేత్తాం" అన్నారు. మంచం పక్కన నిలబడి నేను తల ఊపాను. నా బతుకులో నేను చేసిన అతి నీచమైన పని ఏదంటే, ఆ తల ఊపడమే. విరిగిన ముక్క నా సంచిలోనే, గుడ్డలో చుట్టి ఉంది. చెప్పాలని రోజూ బయల్దేరేదాన్ని. అప్పలనరసమ్మ గారు ఆయనకి అన్నం కలిపి నోట్లో పెట్టడం చూసి తిరిగొచ్చేదాన్ని. ఆయన ఉద్యోగం మానేశారు. ఆదివారాలు మాత్రం మానలేదు. జెట్టీ మీద పడవలు కట్టే ఇనుప దిమ్మె మీద కూర్చుని ఆయన చెబుతుంటే నేను చేసేదాన్ని. స్తంభం వంపు తీయించాం, తీగలన్నీ మార్చాం. "కుడికి పావు సుట్టు. సాలు. నీ సెయ్యే నా సెయ్యిప్పుడు" అనేవారు నవ్వుతూ. ఆ మాట అన్నప్పుడల్లా నేను స్పానరు వెతుకుతున్నట్టు ముఖం తిప్పుకునేదాన్ని.

ఆరు నెలలకి కొత్త పట్టీలు తయారై వచ్చాయి, మునుపటికంటే మందంగా. కుడిదాన్ని బిగించి ఆఖరి నట్టు పట్టించాక ఇక నావల్ల కాలేదు. జెట్టీ ఎక్కి, గుడ్డ విప్పి, ఆ ముక్క ఆయన ఒళ్ళో పెట్టాను.

"మేస్త్రి గారూ, అది గాలి కాదు. ముందురోజు ఆ చార తుడిచింది నేను. దాని మీద రంగు వేసింది నేను. మీరు వద్దన్నారని తెలిసే చేశాను."

ఆయన ముక్కని ఎడమచేత్తో తిప్పి చూశారు. "తెల్సు" అన్నారు.

"ఎవరు చెప్పారు?"

"ఎవలు సెప్పాలి? బొట్టెడతన్నప్పుడే సూసినాను. ఏలెట్టి నొక్కినాను కూడా. నీ రంగు కింద పగులు తగిలింది."

ఆ వేలు, ఆ కాసేపు, ఆ మెప్పు. "తగిలిందా? పగులు తగిలి కూడా తెరచాప ఎత్తారా?" అన్నాను. అన్నానేమిటి, అరిచాను. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తిరిగి చూశారు.

"స్క్రూడైవరుకి అప్పుడే బొట్టెట్టినాం. పూజలో ఉన్నది తియ్యకూడదని మా అయ్య సెప్పేవోడు. ఒక్క సుట్టే కదా, రేపు విప్పుదుం అనుకున్నాను" అన్నారు. "అదొక్కటే కాదులే. తిరిగి సూసినాను. బుగ్గకి వెండి రంగంటుకుని, ఏటంటానా అని నా మొకంలోకే సూత్తన్నావు. ఎవలు తుడిసినారు అని మల్లీ అడగలేపోనాను. నోరు రాలేదమ్మా."

"మీ చెయ్యి పోయింది సార్! నా ముఖం చిన్నబోతుందని చెయ్యి పోగొట్టుకుంటారా ఎవరైనా?"

"సెయ్యి సంగతి ఒగ్గేయ్. అది రెండడుగులు ఇటు పడుంటే నీ తలకాయి పగిలిపోను. నిద్దర పట్టనిది దానికి. నువ్వు సెప్పకపోతే నానూ సెప్పకపోదును. సిగ్గు."

ఆరు నెలలు. ఒకే జెట్టీ మీద, ఒకే పడవ దగ్గర, ఒకే మాట గొంతులో పెట్టుకుని ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. నా పాపాన్ని ఆయన నుంచి దాస్తున్నానని నేను కుమిలిపోతుంటే, ఆయన తనదాన్ని నా నుంచి దాస్తున్నారు. నాకు ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత ప్రేమా ఎప్పుడూ రాలేదు. రెండూ కలిసి వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియక జెట్టీ మీద కూలబడి ఏడ్చాను. ఆయన ఊరుకోబెట్టలేదు. కాసేపటికి లేచి, నా భుజం పట్టుకుని పడవలోకి దిగి, క్యాబిన్ తలుపు ముందు నిలబడి, ఎడమచేత్తో వంకరటింకరగా 'పండగెళ్ళాక' అన్న మాట చెరిపేశారు. "ఈ మాట ఇంకెక్కడుందో సూడు" అన్నారు. చూస్తే ఇంకో నాలుగు పనుల పక్కన ఉంది. ఆ నెలలోనే నాలుగూ పూర్తిచేశాం.

మోకాళ్ళు సహకరించక ఆయన జెట్టీకి రావడం మానేసిన ఏడాది బంగారిని నాకిచ్చేశారు. పోయినేడు ఆయన కన్నుమూశారు. ఇప్పుడు నేనుండే దువ్వాడ నుంచి ప్రతి ఆదివారం నేనే వెళతాను. పట్టీలు విప్పి, చూసి, బిగిస్తాను. తలుపు మీద పనుల పట్టీ అలాగే ఉంది, అందులో ఒకటి కొట్టేస్తే రెండు పుట్టుకురావడం కూడా అలాగే ఉంది. అప్పలనరసమ్మ గారు కనబడినప్పుడల్లా "నా సవితి బాగుందేటమ్మా?" అని అడుగుతారు. బాగుందని చెబుతాను.

మొన్న షెడ్డులో కాళ్ళు కదిలాక నేను నేరుగా వెళ్ళింది బరువులెత్తే పెద్ద గొలుసు యంత్రం దగ్గరికి. దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్టు కింద నెల రోజులుగా ఒక చార ఉండేది. నేనే ఉంచమన్నాను. ఇప్పుడు లేదు, వెండి రంగు మెరుస్తోంది. స్క్రూడ్రైవరూ స్పానరూ తెమ్మన్నాను. "మేడమ్, సామాన్లన్నీ పూజలో ఎట్టేసినాం. బొట్లు కూడా ఎట్టేసినారు" అన్నాడు రమణ, భయపడుతూ. పీట దగ్గరికి వెళ్ళి, దండం పెట్టుకుని, నేనే తీశాను. నా వెనక ఎవరో "అపచారం" అని గొణిగారు. రంగు గీకి, బోల్టులు విప్పి, బ్రాకెట్టు చేతిలోకి తీసుకుని ఎండలో తిప్పి తిప్పి చూశాను. పగులు లేదు, ఏమీ లేదు. మళ్ళీ బిగించి, కుంకుమ అంటిన చేతులతోనే వెనక్కి తిరిగాను. రమణ నా ముఖంలోకే చూస్తున్నాడు, చెంపకి వెండి రంగుతో. రాత్రంతా నిద్రమాని షెడ్డుని ముస్తాబు చేసింది అతనేనని నాకు తెలుసు. అయినా అడిగాను.

"ఇది ఎవరు తుడిచారు?"

అందరి ముందూ అడిగాను. అతని ముఖం వాడిపోయింది. సాయంత్రం టీ నేనే తీసుకెళ్ళి అతని ముందు పెట్టాను.